ఫ్లష్ ట్యాంకు దేశానికో తీరు ఎందుకైంది?

ఇంట్లో కుళాయి ఎంత ధారగా వచ్చినా నిమిషానికి పది లీటర్లకు మించి ఇవ్వడం అరుదు. అంటే సెకనుకు లీటరులో అయిదో వంతు కూడా కాదు. కమోడ్‌లో ఉన్నది వంపు దాటి పైపులో పడాలంటే మాత్రం సెకనుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు ఒక్క ఉదుటున రావాలి. ఈ తేడా పూడ్చడానికే ఫ్లష్ ట్యాంకు పుట్టింది. నిమిషం పాటు నెమ్మదిగా నింపుకుని, నాలుగైదు సెకన్లలో వదిలేయడమే దాని పని.

దీనికి తోడు ఇంకో షరతు ఉంది. పని అయిపోయాక పైపు వంపులో నీళ్లు నిలవాలి. ఆ నీటి అడ్డే మురుగు వాసననీ బొద్దింకలనీ ఇంట్లోకి రానివ్వదు. సాధారణంగా ఈ సీలు లోతు 50 మిల్లీమీటర్లు. లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ ఎస్ ఆకారపు వంపుతో 1775లో పేటెంటు తీసుకున్న నాటి నుంచీ ఈ రెండో షరతు మారలేదు.

షరతులు రెండూ అన్ని దేశాలకూ ఒకటే. జవాబులే వేరు. కారణం, ఒక్కో చోట ఒక్కో బెంగ. బ్రిటన్‌కు నీళ్లు కారిపోతాయని బెంగ. అమెరికాకు గిన్నె మురికిగా కనిపించకూడదన్న పట్టింపు. ఆస్ట్రేలియాకు కరువు. మనకేమో పైపులో నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని స్థితి, దాని పర్యవసానంగా మిద్దె మీద ట్యాంకు. ఒక చోటి జవాబును గిన్నె నుంచి ట్యాంకు నుంచి విడదీసి ఇంకో చోట బిగిస్తే చాలాసార్లు పనిచేయదు. ప్లంబర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో సగానికి మూలం ఈ జత కుదరకపోవడమే అనిపిస్తుంది.

తోసే గిన్నె, లాగే గిన్నె

కమోడ్ గిన్నెలు ప్రధానంగా రెండు జాతులు. భారత్, యూరప్, ఆస్ట్రేలియాల్లో ఎక్కువగా కనిపించేది వాష్‌డౌన్ రకం. పై అంచు నుంచి దూకే నీళ్లు తమ బరువుతో, వేగంతో ఉన్నదాన్ని నేరుగా అవతలికి నెట్టేస్తాయి. వంపు దారి వెడల్పైనది, దాని నిడివి తక్కువ. అడ్డుపడటం అరుదు. నీటి ఉపరితలం చిన్నది కాబట్టి గిన్నె గోడల మీద మరకలు పడతాయి, బ్రష్ పక్కనే పెట్టుకోక తప్పదు.

అమెరికాలో ఉండేది సైఫానిక్ రకం. గిన్నె సగం దాకా నీళ్లు నిండి ఉంటాయి. వెనుక వంపు దారి సన్నం, చాలావాటిలో రెండు అంగుళాలకు కాస్త అటూఇటూ, పైగా పొడవాటి మెలికలు. ట్యాంకు నీళ్లు పడగానే ఆ సన్నని దారి పూర్తిగా నిండి గాలి బయటికి పోతుంది, సైఫన్ మొదలవుతుంది. అక్కడి నుంచి నీళ్లు తోయవు, లాగుతాయి. డ్రమ్ములోంచి ట్యూబుతో కిరోసిన్ లాగినప్పుడు జరిగేదీ ఇదే. చివర్లో గాలి చొరబడి గుర్రుమని శబ్దం వస్తుంది, సైఫన్ తెగుతుంది. చాలా నమూనాల్లో గిన్నె అడుగున వంపు నోటికి ఎదురుగా ఒక రంధ్రం కూడా ఉంటుంది. దాన్లోంచి వచ్చే జెట్ సైఫన్‌ను త్వరగా మొదలుపెట్టిస్తుంది.

లాభమేమిటంటే అంతా నీళ్లలోనే పడుతుంది. వాసన తక్కువ, మరక తక్కువ. నష్టం ఆ సన్నని దారి. కాగితం ఎక్కువైనా, తడి వైప్స్ వేసినా జామ్ అవుతుంది. అమెరికా వెళ్లిన తెలుగు కుటుంబాలకు బాత్రూమ్‌లో ప్లంజర్ ఎందుకు పెట్టారో అర్థమయ్యేది సాధారణంగా అప్పుడే.

జామ్ అయినప్పుడు అందరూ చేసే తప్పు రెండోసారి ఫ్లష్ చేయడం. మొదటి ఫ్లష్ నీళ్లే గిన్నెలో పైకి వచ్చి నిలిచి ఉంటాయి. రెండోది నేల మీదికే. నీళ్లు పెరుగుతున్నట్టు కనబడగానే ట్యాంకు మూత తీసి, అడుగున ఉన్న రబ్బరు మూతను చేత్తో కిందికి నొక్కాలి. అవి మంచి నీళ్లే, చేయి పెట్టొచ్చు. తర్వాత గోడ దగ్గరి చిన్న వాల్వును కుడివైపు తిప్పి కట్టేయాలి. ప్లంజర్‌కు కింద లోపలి పెదవి ఉన్న రకం కావాలి, అడుగు చదునుగా ఉండేది సింకు కోసం. రబ్బరు నీళ్లలో పూర్తిగా మునిగి ఉండాలి, లేకపోతే గాలినే నొక్కుతారు. మొదటి నొక్కు మెల్లగా, ఆ తర్వాత పదిహేను ఇరవై సార్లు గట్టిగా. నొక్కడం కంటే వెనక్కి లాగడమే అడ్డాన్ని కదిలిస్తుంది. మరుగుతున్న నీళ్లు పోయకూడదు, పింగాణీ పగలొచ్చు.

రంధ్రమే లేని ట్యాంకు

పందొమ్మిదో శతాబ్దపు లండన్‌లో నీటి కంపెనీలకు పెద్ద తలనొప్పి ఫ్లష్ వాల్వులు. అడుగున రంధ్రం, దాని మీద మూత. మూత అరిగితే రాత్రీ పగలూ నీళ్లు కారుతూనే ఉంటాయి, ఎవరికీ తెలియదు. బ్రిటిష్ నిబంధనలు దీన్ని మూలంలోనే కొట్టేశాయి. నీటి మట్టం కంటే కింద వాల్వు ఉండకూడదు, సైఫన్ ద్వారానే నీళ్లు బయటికి పోవాలి. ఆ పరికరానికి అక్కడి వాళ్లు పెట్టిన పేరు కూడా 'నీటి వృథా నిరోధకం'.

ట్యాంకు మధ్యలో తలకిందులైన యు ఆకారపు గొట్టం ఉంటుంది. దాని వంపు నీటి మట్టం కంటే పైనే. హ్యాండిల్ నొక్కితే గొట్టం కాలులో ఒక పళ్లెం పైకి లేస్తుంది. పళ్లానికి రంధ్రాలు, వాటి మీద పలుచని ప్లాస్టిక్ పొర. లేచేటప్పుడు నీటి బరువుకు పొర రంధ్రాలను మూసేస్తుంది కాబట్టి పైనున్న నీళ్లు వంపు దాటి అవతలికి దూకుతాయి. సైఫన్ పట్టుకున్నాక మిగతా నీళ్లు అవే రంధ్రాల గుండా పొరను ఎత్తుకుంటూ వచ్చేస్తాయి. ట్యాంకు ఖాళీ అయి గాలి దూరగానే ఆట ముగుస్తుంది.

ఇక్కడ కారడానికి రంధ్రమే లేదు. చెడితే పొర చిరుగుతుంది, అప్పుడు మూడు నాలుగుసార్లు హ్యాండిల్ కొడితే తప్ప ఫ్లష్ పడదు. అంటే ఈ యంత్రం చెడినప్పుడు పనిచేయడం మానేస్తుంది, నీళ్లు మాత్రం పారబోయదు. ఇంటి మనిషి విసుగెత్తి వెంటనే బాగు చేయిస్తాడు. వృథాను ఆపడానికి ఇంతకంటే తెలివైన ఏర్పాటు ఇంకోటి రాలేదు.

అయినా 2001 జనవరి 1 నుంచి బ్రిటన్ ఆ నియమాన్ని సడలించింది. కొత్త టాయిలెట్లకు గరిష్ఠంగా 6 లీటర్లని పరిమితి పెట్టి, మూత వాల్వులనూ రెండు బటన్ల ఫ్లష్‌నూ అనుమతించింది. అంతకు ముందు 9 లీటర్లు, తర్వాత 7.5 లీటర్ల ట్యాంకులు ఉండేవి. ఫలితం కాస్త వెక్కిరింతగా ఉంది. ఫ్లష్‌కు వాడే నీళ్లు తగ్గాయి, కారే టాయిలెట్లు పెరిగాయి. నీటి పొదుపు కోసం తెచ్చిన వాల్వుల లీకేజీ మీద ఇప్పుడు అక్కడి నీటి సంస్థలే ప్రచారాలు చేయాల్సి వస్తోంది.

ఆ బ్రిటిష్ సైఫన్‌కు మన దగ్గరా ఒక దగ్గరి చుట్టం ఉంది. పాత ప్రభుత్వ కార్యాలయాల్లో, హాస్టళ్లలో గోడకు ఎత్తున బిగించిన ఇనుప ట్యాంకు, కింద వేలాడే గొలుసు. లోపల నిలువు గొట్టం మీద బరువైన ఇనుప గంట బోర్లించి ఉంటుంది. గొలుసు లాగితే గంట లేస్తుంది, వదిలితే ధబ్బున పడుతుంది. పడేటప్పుడు గంట లోపలి నీళ్లు గొట్టం అంచు దాటి పొర్లి సైఫన్ మొదలవుతుంది. కాబట్టి గొలుసును లాగి పట్టుకుని వేలాడితే ఏమీ కాదు, లాగి వదలాలి. గొలుసులు తెగింది చాలావరకు ఈ సంగతి తెలియకే.

మూత, గొలుసు, కాంగ్రెస్ చట్టం

అమెరికా సులువైన దారి పట్టింది. ట్యాంకు అడుగున రంధ్రం, దాని మీద ఫ్లాపర్ అనే రబ్బరు మూత, హ్యాండిల్‌కు కట్టిన చిన్న గొలుసు. చవక, ఎవరైనా పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. రబ్బరు గట్టిపడి అంచు వంకర పోతే లీకు. క్లోరిన్ బిళ్లలను ట్యాంకులో వేస్తే ఇంకా త్వరగా పోతుంది. గొలుసు మరీ బిగువైతే మూత పూర్తిగా కూర్చోదు. మరీ వదులైతే మూత కిందే ఇరుక్కుంటుంది. అరంగుళం వదులు సరిపోతుంది.

లాగే గిన్నెకు ఇంకో చిన్న భాగం తప్పనిసరి. సైఫన్ గిన్నెను దాదాపు ఖాళీ చేసేస్తుంది కాబట్టి మళ్లీ నింపాలి. నీళ్లు నింపే వాల్వు నుంచి ఒక సన్నని ట్యూబు ఓవర్‌ఫ్లో గొట్టంలోకి ధార పోస్తుంటుంది. ట్యాంకు నిండేలోపు గిన్నె కూడా నిండుతుంది. ఈ ట్యూబు జారి ట్యాంకులో పడితే గిన్నెలో నీటి మట్టం తగ్గి తర్వాతి ఫ్లష్ బలహీనమవుతుంది. గొట్టంలోకి మరీ లోతుగా దూర్చినా తప్పే. దాని కొన నీటి మట్టం కంటే కిందికి దిగితే అదే ఒక సైఫన్‌గా మారి ట్యాంకును మెల్లగా ఖాళీ చేస్తుంది.

1992లో అమెరికా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, చేసిన ఇంధన విధాన చట్టం ఇళ్ల టాయిలెట్లకు 1.6 గ్యాలన్ల హద్దు గీసింది, అంటే 6 లీటర్లు. 1994 నుంచి అమలు. అప్పటి దాకా 3.5 గ్యాలన్లు, పాతవాటిలో 5 కూడా ఉండేవి. తయారీదారులు మొదట్లో గిన్నెను పెద్దగా మార్చకుండా నీళ్లు మాత్రం తగ్గించారు. 13 లీటర్లకు గీసిన మెలిక 6 లీటర్లతో నిండదు, నిండకపోతే సైఫన్ పట్టదు. జనం రెండేసి మూడేసి సార్లు ఫ్లష్ కొట్టారు, చట్టాన్ని తిట్టుకున్నారు. అసలు పరిష్కారం తర్వాత వచ్చింది. ఫ్లాపర్ రంధ్రాన్ని 2 అంగుళాల నుంచి 3 అంగుళాలకు పెంచారు, వంపు దారిని లోపలి దాకా గ్లేజు చేశారు, జెట్ దిశ సరిచేశారు. 2003లో మొదలైన మ్యాప్ అనే పరీక్షలో మలానికి బదులు సోయా ముద్దను గ్రాముల లెక్కన వేసి ఒక్క ఫ్లష్‌లో ఎంత పోతుందో కొలుస్తారు. ఇప్పుడు 1.28 గ్యాలన్లతో, అంటే 4.8 లీటర్లతో పనిచేసే నమూనాకు వాటర్‌సెన్స్ అనే అమెరికా ప్రభుత్వపు నీటి పొదుపు ముద్ర కావాలంటే కనీసం 350 గ్రాములు పోవాలి. కొనేటప్పుడు బ్రాండు పేరు కంటే ఆ గ్రాముల అంకె చూడటం మేలు.

రెండు బటన్ల ఫ్లష్ ఆస్ట్రేలియాలో పుట్టింది. కరోమా సంస్థలో బ్రూస్ థాంప్సన్ 1980లో తెచ్చిన నమూనా 11 లీటర్లు, 5.5 లీటర్లది. 1990 దశకానికి అది 6, 3 లీటర్లకు దిగింది. ఇది తోసే గిన్నెల దేశంలో పుట్టడం యాదృచ్ఛికం కాదు. మూత్రాన్ని తోసేయడానికి సగం నీళ్లు చాలు. సైఫన్‌కు మాత్రం సగం పని ఉండదు, పడితే పడుతుంది, లేకపోతే లేదు. అందుకే అమెరికాలో ఈ బటన్లు ఆలస్యంగా, అరకొరగా వచ్చాయి.

జర్మనీ, నెదర్లాండ్స్, ఆస్ట్రియాల పాత ఇళ్లలో ఇంకో వింత ఉంటుంది. గిన్నెలో చదునైన అరుగు. మలం దాని మీదే ఆగుతుంది, ఫ్లష్ చేసినప్పుడే ముందున్న గుంటలోకి జారుతుంది. నీళ్లు చింది ఒంటిమీద పడవు, ఆరోగ్యం గమనించుకోవచ్చు. వాసన మాత్రం భరించాల్సిందే. గోడలో దాచే కన్సీల్డ్ ట్యాంకును స్విట్జర్లాండ్‌కు చెందిన గెబెరిట్ 1964లో తెచ్చింది. మన అపార్టుమెంట్లలో ఇప్పుడు బిగిస్తున్నది దాని సంతతే.

జపాన్‌లో చాలా ట్యాంకుల మూత మీదే చిన్న కుళాయి, బేసిన్ ఉంటాయి. ఫ్లష్ చేయగానే ట్యాంకును నింపాల్సిన నీళ్లు ముందు కుళాయిలోంచి వస్తాయి. చేతులు కడుక్కుంటే అవే ట్యాంకులోకి దిగుతాయి. లోపల మాత్రం మామూలు రబ్బరు మూతే. బహిరంగ స్థలాల్లోని మహిళల టాయిలెట్లలో శబ్దం వినబడకూడదని ఊరికే ఫ్లష్ చేసే అలవాటు వల్ల నీళ్లు వృథా అవుతుంటే, టోటో సంస్థ 1988లో నీళ్ల శబ్దం మాత్రమే వినిపించే పరికరం తెచ్చింది. హాంకాంగ్‌లో 1950 దశకం చివరి నుంచీ ఫ్లష్‌కు సముద్రపు నీళ్లు వాడుతున్నారు. ఎనభై శాతానికి పైగా జనాభాకు విడిగా ఉప్పునీటి పైపు ఉంది.

మన ఇళ్ల లెక్క వేరు

గ్రామీణ మరుగుదొడ్డిలో ట్యాంకే ఉండదు. అయినా అది ఈ వరుసలో అత్యంత పొదుపైన రూపకల్పన. సులభ్ తరహా బేసిన్‌కు 25 నుంచి 28 డిగ్రీల వాలు, ట్రాప్‌లో, అంటే కింది వంపు గొట్టంలో, సీలు 20 మిల్లీమీటర్లే. అందుకే లీటరున్నర, రెండు లీటర్ల నీళ్లు చేత్తో పోస్తే చాలు. ఆ ట్రాప్ స్థానంలో మామూలు 50 మిల్లీమీటర్ల ట్రాప్ బిగిస్తే అదే చెంబు నీళ్లు చాలవు. ఇంటివాళ్లకు నీళ్లు మోయడం భారమై దొడ్డి వాడకం తగ్గుతుంది.

పట్టణాల్లో ఇప్పుడు ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఫ్లష్ వాల్వుతో. ట్యాంకు లేకుండా నేరుగా పైపుకు బిగించే బటన్ అది. దీని మూలరూపం అమెరికాలో విలియం స్లోన్ 1906లో తెచ్చిన ఫ్లషోమీటర్. లోపల ఒక కదిలే మూత, దానికి సూది మొనంత రంధ్రం. ఆ రంధ్రం గుండా నీళ్లు మూత పైకి చేరి దాన్ని కిందికి నొక్కి పెడతాయి. బటన్ నొక్కితే పైనున్న ఒత్తిడి పోయి మూత లేస్తుంది, నీళ్లు దూసుకొస్తాయి. రంధ్రం గుండా పైగది మళ్లీ నిండగానే మూసుకుంటుంది. బోరు నీళ్లలో వచ్చే ఇసుక రేణువు ఆ రంధ్రాన్ని మూసేస్తే ఫ్లష్ ఆగదు, కారుతూనే ఉంటుంది. అప్పుడు వాల్వు పాడైందని కొత్తది కొనక్కర్లేదు. లోపలి కార్ట్రిడ్జ్ తీసి సన్నని దారంతో రంధ్రం శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై, ఫ్లష్ నీళ్లు చాలకుండానే ఆగిపోతుంది.

అంతకంటే పెద్ద చిక్కు ఒత్తిడి. అమెరికాలో ఈ వాల్వుకు వీధి పైపు ఒత్తిడి, అంగుళం పైపు ఉంటాయి. మనకు మిద్దె మీది ట్యాంకే ఆధారం. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ఒత్తిడి లెక్క. అయిదంతస్తుల భవనంలో కింది ఇంటికి బార్‌న్నర దాకా వస్తుంది. పై అంతస్తు వాల్వుకు, ట్యాంకు అడుగు మూడు నాలుగు మీటర్లే పైన ఉంటే, 0.3 లేదా 0.4 బార్ మాత్రమే. ఒకే వాల్వు కింద భేషుగ్గా పనిచేసి పైన ఏడ్చేది ఇందుకే. పై అంతస్తుకు తక్కువ ఒత్తిడికి పనికొచ్చే నమూనా తీసుకుని, ట్యాంకు నుంచి విడిగా 40 మిల్లీమీటర్ల పైపు దింపాలి. అంత తతంగం వద్దనుకుంటే ఫ్లష్ ట్యాంకు పెట్టించడమే ఉత్తమం. ట్యాంకు నిండటానికి ఒత్తిడి ఎంత తక్కువైనా పర్లేదు, ఆలస్యం అవుతుందంతే.

ఇంకో పొరపాటు గిన్నె కొనేటప్పుడు జరుగుతుంది. అవుట్‌లెట్ నేలలోకి దిగేది ఎస్ ట్రాప్, వెనుక గోడ వైపు వెళ్లేది పి ట్రాప్. ఎస్ ట్రాప్‌కు గోడ నుంచి రంధ్రం మధ్యకు ఎంత దూరమో, టైల్స్ వేశాక, కొలవాలి. మన దగ్గర 9 అంగుళాలూ 12 అంగుళాలూ రెండూ దొరుకుతాయి. సైఫన్ జెట్ అని అమ్మే సింగిల్ పీస్ కమోడ్‌లు ఎక్కువగా 12 అంగుళాలవి. చూడటానికి బాగుంటాయి. కానీ గట్టి బోరు నీళ్లున్న చోట జెట్ రంధ్రంలోనూ అంచు కింది చిల్లుల్లోనూ సున్నం పేరుకుని రెండు మూడేళ్లకే ఫ్లష్ మందగించొచ్చు. అలాంటి ఇళ్లకు వాష్‌డౌనే నయం.

రెండు బటన్ల ట్యాంకు కారుతోందో లేదో తెలియాలంటే ట్యాంకులో నాలుగు చుక్కల ఫుడ్ కలర్ వేసి, అరగంట ఫ్లష్ చేయకుండా ఉంచాలి. గిన్నెలో రంగు కనబడితే కింది వాషర్ పట్టడం లేదు. కంటికి ఆనని సన్నని తడి కూడా తక్కువేం కాదు. అయిదు నిమిషాలకు లీటరు చొప్పున కారితే రోజుకు 288 లీటర్లు, వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు మూడున్నర రోజుల్లో ఖాళీ.

బాగు చేయడం కష్టం కాదు. యాంగిల్ కాక్‌ను, అంటే గోడ దగ్గరి చిన్న వాల్వును, కట్టేసి ట్యాంకు ఖాళీ చేయాలి. బటన్ మూత విప్పి, మధ్యలోని వాల్వును ఎడమవైపు పావు చుట్టు తిప్పితే చాలా రకాల్లో పైకి వచ్చేస్తుంది. అడుగున ఉండే సిలికాన్ వాషర్‌ను తీసి వేలితో తడిమితే గరుకు తగులుతుంది, అదే సున్నం. వెనిగర్‌లో గంట నానబెట్టి మెత్తని గుడ్డతో తుడవాలి. అంచు నొక్కుకుపోయి ఉంటే తిరగేసి పెడితే కొన్నాళ్లు పనిచేస్తుంది, ఆలోగా కొత్తది తెచ్చుకోవచ్చు. వాషర్ కూర్చునే ప్లాస్టిక్ అంచు కూడా తుడవాలి, చాలామంది దీన్నే వదిలేస్తారు. తిరిగి బిగించి నీళ్లు వదిలాక కూడా కారుతుంటే చూడాల్సింది ఓవర్‌ఫ్లో గొట్టం. నీటి మట్టం దాని అంచుకు తాకుతుంటే తప్పు వాషర్‌ది కాదు, నీళ్లు నింపే వాల్వుది. ఫ్లోట్ స్క్రూ తిప్పి మట్టాన్ని గొట్టం అంచుకు అంగుళం కిందికి దించాలి. దించినా మట్టం పెరుగుతూనే ఉంటే, ఆ వాల్వు తలలోని రబ్బరు పొర కింద ఇసుక ఇరుక్కుందని అర్థం.